బొమ్మల బడి: పాలపిట్ట బొమ్మకు లోతు ఎలా వస్తుంది?

పిల్లలూ! ఈ నెల మన బొమ్మల బడికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి వరంగల్లు మట్టెవాడ నుంచి వచ్చింది. రాసినది ఏడవ తరగతి చదివే అమ్మాయి. ఉత్తరంతోపాటు తను వేసిన బొమ్మ కూడా పంపింది. అది పాస్టెల్ పెన్సిళ్లతో వేసిన పాలపిట్ట బొమ్మ. ఉత్తరంలో ఇలా ఉన్నది:

"మామయ్యగారూ, దసరానాడు ఒకతను మా వీధికి పంజరంలో పాలపిట్టను తెచ్చాడు. అందరూ డబ్బులిచ్చి దాన్ని చూసి దణ్ణం పెట్టుకున్నారు. నేను దాన్ని చూసి ఈ బొమ్మ వేశాను. తలకు నీలం, మెడకు గోధుమరంగు, పొట్టకు లేతనీలం, అన్నీ చూసినట్టే వేశాను. కాని మా తమ్ముడు చూసి, 'ఇది పిట్టలాగా లేదక్కా! రంగుకాగితం కత్తిరించి అతికించినట్టు ఉన్నది,' అన్నాడు. నాక్కూడా అలాగే అనిపిస్తున్నది. నా దగ్గర పన్నెండు పెన్సిళ్లే ఉన్నాయి. ఇరవైనాలుగు పెన్సిళ్ల పెట్టె కొంటే బొమ్మ బాగా వస్తుందా?"

తల్లీ, నీ తమ్ముడు గట్టివాడే! మంచి మాట చెప్పాడు. నీ బొమ్మలో గీతలు చక్కగా కుదిరాయి. ముక్కూ, తలా, తోకా కొలతలు సరిపోయాయి. లోపమల్లా ఒక్కటే. పిట్ట గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉన్నది. దీన్నే చిత్రకారులు "లోతు లేదు" అంటారు. ఈ లోతు పెట్టెలో దొరికేది కాదు. పన్నెండు పెన్సిళ్లు చాలు. ఆ మాటకు వస్తే ఆరైనా చాలు. ఎలాగో చెబుతాను, అందరూ వినండి.

రంగు తరువాత, వెలుగునీడలు ముందు

మట్టెవాడకు ఖిలా వరంగల్లు ఎక్కువ దూరం లేదు. అక్కడ కోట నడుమ కాకతీయుల నాటి కీర్తితోరణాలు నాలుగు, నాలుగు దిక్కులా నిలబడి ఉన్నాయి. తోరణం పైదూలం మీద, చివరల, రాతి హంసలు ఉంటాయి. ఈసారి కోటకు వెళ్లినప్పుడు ఆ హంసలను ఉదయపు ఎండలో నిదానంగా చూడండి. వాటికి రంగు లేదు. రాయి రంగు ఒక్కటే. అయినా వాటి మెడ వంపు, రొమ్ము ఉబ్బు మీకు స్పష్టంగా కనబడతాయి. ఎందువల్ల? ఎండ తగిలిన చోట రాయి తెల్లగా, పక్కకు తిరిగిన చోట మసకగా, అడుగున నల్లగా కనబడుతుంది గనుక. ఆ తేడాను బట్టే మన కన్ను "ఇది గుండ్రంగా ఉన్నది" అని తెలుసుకుంటుంది.

శిల్పికి ఒక్క రంగుతో సాధ్యమైనది, మనకు పన్నెండు రంగులతో ఎందుకు సాధ్యం కాదు?

ఇందులో శాస్త్రం కూడా కొంత ఉన్నది. మన కంటి లోపలి తెరమీద వెలుతురును గ్రహించే కణాలు రెండు రకాలు. ఒక రకం శంకువుల ఆకారంలో ఉంటాయి. ఇవి రంగులను గుర్తిస్తాయి, కాని వెలుతురు బాగా ఉంటేనే పనిచేస్తాయి. రెండో రకం కడ్డీల ఆకారంలో ఉంటాయి. వీటికి మసక వెలుతురు చాలు, కాని ఇవి రంగును చెప్పలేవు. మునిమాపువేళ డాబా ఎక్కి చూడండి. ఎర్రపువ్వు ఎరుపు పోతుంది, ఆకుల పచ్చదనం పోతుంది. అయినా వేపకొమ్మ మీద కూచున్నది కాకి అని ఇట్టే తెలుస్తుంది. రంగు పోయినా ఆకారం పోలేదు. ఆకారాన్ని చూపేది వెలుగునీడలే అనటానికి ఇంతకన్న రుజువు ఏం కావాలి?

అందుచేత మొదట చేయవలసిన పని ఇది. ఒక కోడిగుడ్డునుగాని, నున్నని బంగాళాదుంపనుగాని కిటికీ పక్కన పెట్టండి. దానిమీద అయిదు ఛాయలు వెతకండి. కిటికీవైపు అన్నిటికన్న తెల్లని చోటు ఒకటి. దాని చుట్టూ మామూలు వెలుగు రెండు. పక్కకు తిరిగినచోట మసక మూడు. అటుపై చిక్కని నీడ నాలుగు. ఇక అయిదోది తమాషా అయినది. అడుగు అంచున, నీడలోనే, సన్నని వెలుగుచార ఒకటి కనబడుతుంది. బల్లమీద పడిన వెలుతురు తిరిగి గుడ్డు అడుగుకు కొట్టటంవల్ల వచ్చే వెలుగు అది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఈ అయిదోదాన్ని వదిలేస్తారు. అది పెట్టి చూడండి, గుడ్డు కాగితం మీదనుంచి లేచి వస్తుంది.

పిట్ట అంటే రెండు గుడ్లు. తల చిన్నగుడ్డు, ఒళ్లు పెద్దగుడ్డు. గుడ్డు వేయటం వచ్చినవాళ్లకు పిట్ట వేయటం సగం వచ్చినట్టే.

ఇప్పుడు మన మట్టెవాడ అమ్మాయి బొమ్మ చూద్దాం. తల నీలం, వీపు గోధుమ. రంగులు వేరే, కాని రెంటినీ ఒకే బలంతో రుద్దింది. అందువల్ల రెండు రంగులకూ ఛాయ ఒక్కటే అయింది. నమ్మకం లేకపోతే ఒక పరీక్ష చేయండి. బొమ్మను గోడకు ఆనించి, నాలుగడుగులు వెనక్కు వచ్చి, కళ్లు సగం మూసి చూడండి. తలా వీపూ కలిసిపోయి ఒకటే మచ్చలాగా కనబడితే ఛాయలు సరిగా లేవన్నమాట. పెద్దవాళ్ల ఫోను చేతికి దొరికితే బొమ్మను ఫోటో తీసి, దాన్ని నలుపుతెలుపుగా మార్చి చూడవచ్చు. రంగు పోయినా పిట్ట మిగలాలి. అదే గెలుపు.

కాగితానికి పళ్లున్నాయి!

పాస్టెల్ పెన్సిలు మామూలు రంగుపెన్సిలు వంటిది కాదు. మామూలు రంగుపెన్సిలులో మైనం ఉంటుంది. పాస్టెల్ పెన్సిలులో ఉండేది రంగుపొడి, కాస్త సుద్ద లేదా మట్టి, అవి విడిపోకుండా కొంచెం జిగురు. అంతే. గీసినప్పుడు ఆ పొడి కాగితం గరుకులో ఇరుక్కుని నిలబడుతుంది. వాకిట్లో ముగ్గు వేయటం చూశారు గదా! అలికిన గరుకు నేలమీద ముగ్గుపిండి చక్కగా నిలుస్తుంది. అదే పిండి నున్నని గచ్చుమీద వేస్తే గాలికి చెదిరిపోతుంది. పాస్టెల్ సంగతీ ఇంతే. నున్నని నోటుబుక్కు కాగితం దీనికి పనికిరాదు. గరుకు డ్రాయింగు కాగితం గాని, పొట్లాలు కట్టే గోధుమరంగు మందపు కాగితం గరుకువైపు గాని వాడండి.

గరుకు కాగితంలో కంటికి కనబడని చిన్న చిన్న గుంటలుంటాయి. ఇవే కాగితానికి పళ్లు అనుకోండి. మొదటిసారే పెన్సిలు గట్టిగా అదిమి రుద్దితే గుంటలన్నీ ఒకే రంగుతో పూడిపోతాయి. ఆ తరువాత ఎన్ని రంగులు వేసినా జారిపోతాయే తప్ప అంటుకోవు. అప్పుడు బొమ్మ నిగనిగలాడుతుందిగాని లోతు ఉండదు. కాబట్టి మొదటి పొర ఈక తాకినంత తేలికగా వేయాలి. దానిమీద రెండోది, దానిమీద మూడోది. ఒక్కొక్క పొరా కొంచెం చోటు తీసుకుని, పైవాటికి కొంచెం చోటు వదలాలి. అయిదారు పలుచని పొరలలోనుంచి కింది రంగు తొంగిచూస్తుంటే, దాన్నే మనం "లోతు" అంటాం.

మరో రెండు జాగ్రత్తలు. బొమ్మ ఆకారాన్ని మామూలు సీసం పెన్సిలుతో గీయకండి. దాని గీత జిడ్డుగా, నున్నగా ఉండి పాస్టెల్ పొడిని పట్టనివ్వదు. లేత గోధుమరంగు పాస్టెల్ పెన్సిలుతోనే సన్నగా గీసుకోండి. రెండోది, రాలిన పొడిని నోటితో ఊదకండి. తడి పడి మచ్చలవుతాయి, పొడి ముక్కులోకి పోతుంది. కాగితాన్ని నిలబెట్టి, వెనకనుంచి వేలితో తట్టండి, పొడి కిందికి రాలుతుంది.

పెన్సిలు చెక్కేటప్పుడు ములుకు పుటుక్కుమని విరిగిపోతున్నదని చాలామంది రాస్తున్నారు. మరలో పెట్టి తిప్పితే విరగక ఏం చేస్తుంది? పెద్దవాళ్లచేత కర్రను బ్లేడుతో చెక్కించుకుని, ములుకును వడ్రంగులు వాడే ఉప్పుకాగితం మీద మెల్లగా తిప్పుతూ అరగదీయండి. ఆ రాలిన పొడిని కూడా పారేయకండి. దూదితో అద్ది ఆకాశం వేయటానికి పనికివస్తుంది.

నీడ అంటే నలుపు కాదు

లోతు కావాలనగానే చాలామంది నల్ల పెన్సిలు అందుకుంటారు. నీలం మీద నలుపు రుద్దితే అది నీడ కాదు, మసి. పట్టపగలు మీ ఇంటి సున్నపు గోడమీద పడిన నీడను చూడండి. అది నల్లగా ఉండదు, కొంచెం నీలంగా ఉంటుంది. సూర్యుడి ఎండ అక్కడ పడకపోయినా ఆకాశపు నీలివెలుగు పడుతున్నది గనుక. అంటే నీడకు కూడా రంగు ఉన్నదన్నమాట.

పాలపిట్ట బొమ్మకు నల్లపెన్సిలు దాచిపెట్టండి. ముదురునీలం మీద ముదురు గోధుమరంగు పలుచగా వేయండి. రెండూ కలిసి ఒక చిక్కని చీకటి రంగు వస్తుంది. అది దాదాపు నల్లగానే ఉంటుంది, కాని జీవం ఉంటుంది. నీలమూ, నారింజ కలిసిన గోధుమా ఒకదానికొకటి విరుగుడు రంగులు. కలిస్తే ఒకదాని జోరును మరొకటి తగ్గిస్తుంది. పక్కపక్కన పెడితే మాత్రం ఒకదాన్నొకటి పైకి తెస్తాయి. ప్రకృతి పాలపిట్టకు ఈ రెంటినే పక్కపక్కన పెట్టింది, చూశారా!

రంగులను ఎప్పుడూ వేలితో రుద్దే కలపాలని లేదు. మట్టెవాడకు దగ్గరలోనే కొత్తవాడ ఉన్నది. అక్కడి నేతగాళ్లు నేసే జంపఖానాలకు ఎంతో పేరు. 2018లో వరంగల్లు జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నేతలో నీలంనూలు, పసుపునూలు సన్నని చారలుగా పక్కపక్కన పడ్డాయనుకోండి. దగ్గరికి వెళ్లి చూస్తే రెండు రంగులు. దూరంనుంచి చూస్తే రెండూ కలిసి మరో రంగుగా కనబడతాయి. ఎవరూ కలపలేదు, మన కన్నే కలిపింది. పెన్సిలుతో కూడా ఇలాగే చేయవచ్చు. పాలపిట్ట వీపు రంగు గోధుమలో కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు ఉంటుంది. గోధుమగీతల సందున ఆకుపచ్చగీతలు సన్నగా వేసి, దూరంనుంచి చూడండి. పన్నెండు పెన్సిళ్లు ఇరవైనాలుగయ్యే కిటుకు ఇదే.

అయితే రుద్దటం అసలు వద్దని కాదు. అడుగుపొరను ఒకసారి వేలితోగాని, కాగితాన్ని గట్టిగా చుట్టి చేసిన పుల్లతోగాని మెత్తగా రుద్దవచ్చు. పైపొరలను రుద్దవద్దు. ఆ గీతలే ఈకలవుతాయి. గీత ఎప్పుడూ ఈక మొలిచిన దిక్కునే సాగాలి. ముక్కు దగ్గర మొదలై, తలమీదుగా మెడకు, మెడనుంచి వీపుకు. తలమీద పొట్టిగీతలు, రెక్కమీద పొడుగుగీతలు.

మన దేశంలో పక్షులకు ఇలా ఓపికగా రూపం కట్టినవారిలో మన్సూరు గొప్పవాడు. ఇతను 1605 నుంచి 1627 వరకు ఏలిన మొగలు చక్రవర్తి జహంగీరు కొలువులో ఉండేవాడు. అతను వాడినవి నీటిరంగులు. పాస్టెల్‌తో పేరు తెచ్చుకున్నవారిలో ఇటలీలోని వెనిస్ నగరపు రొజాల్బా కరియెరా ఒకతె. ఆడవాళ్లకు చిత్రకళలో చోటు దొరకటం కష్టమైన ఆ కాలంలో, 1720లో ఫ్రెంచి రాజుగారి చిత్రకళా పరిషత్తు ఆమెను సభ్యురాలిగా చేర్చుకున్నది. సాధనం ఏదైనా కిటుకు ఒక్కటే: పలుచని పొరలు, కుదురైన చెయ్యి.

కన్ను మొదట, తెలుపు చివర

ఇక మన పాలపిట్ట తల వేద్దాం. మొదట కన్ను. కన్ను బతికితే పిట్ట బతికినట్టే. కంటిపాపను ముదురు గోధుమా ముదురునీలమూ కలిపి వేయండి. పైరెప్ప కింద ఇంకొంచెం ముదురు. వెలుతురు వచ్చేవైపు తెల్లని చుక్క ఒక్కటే ఉండాలి. రెండు పెడితే పిట్టకు మతి చెదిరినట్టుంటుంది! కంటి చుట్టూ ఈకలు లేని చర్మం మాసిన నారింజరంగులో ఉంటుంది, మరిచిపోకండి.

ముక్కు దిట్టంగా, నల్లగా ఉంటుంది. దాని పైగట్టు మీద సన్నని లేతనీలపు గీత వదలండి. అది ఆకాశపు వెలుగు. ముక్కు కింద గొంతుమీద పడే నీడను వేయండి. తల కింద మెడమీద ఒక నీడ, మడిచిన రెక్క అంచు కింద పొట్టమీద ఒక నీడ. ఈ మూడు నీడలూ సరిగా పడితే ముక్కు ముందుకు వస్తుంది, రెక్క ఒంటిమీదనుంచి విడివడుతుంది.

నడినెత్తి నీలం. చెంపలూ, గొంతూ, రొమ్మూ ఊదా కలిసిన గోధుమరంగు, వాటిమీద సన్నని తెల్లని చారలు. ఈ చారలను ముందే వేయకండి. ముదురు మొదట, నడిమి ఛాయలు తరువాత, లేతవి ఆ తరువాత, తెలుపు అన్నిటికన్న చివర. తెల్ల పెన్సిలును బాగా పదునుపెట్టి, చివర్లో పది గీతలకన్న ఎక్కువ గీయకండి. పెళ్లివారింట్లో అత్తరు చల్లినట్టుండాలి, నీళ్లు గుమ్మరించినట్టు ఉండకూడదు.

పొరపాటున రంగు ఎక్కువ పడితే గట్టి రబ్బరుతో రుద్దకండి, కాగితం పళ్లు ఊడతాయి. మెత్తని రొట్టెముక్కను పిసికి ముద్దచేసి, దానితో అద్ది ఎత్తండి. పూర్వపు చిత్రకారులు ఇదే చేసేవాళ్లు.

దూరం చూపటానికి మరో ఉపాయం ఉన్నది. దగ్గరగా ఉన్నవాటి అంచు పదునుగా ఉండాలి, దూరమైనవాటి అంచు మెత్తగా ఉండాలి. కన్నూ ముక్కూ పదును. వీపు చివరా తోకా మెత్తన. వెనక చెట్లుంటే వాటిని ఇంకా మెత్తగా, లేతగా, కొంచెం నీలంగా వేయండి. దూరపు గుట్టలు నీలంగా కనబడటం చూసే ఉంటారు. మధ్యనున్న గాలి నీలపు వెలుగును ఎక్కువగా చెదరగొట్టటమే దానికి కారణం.

రంగులేని నీలం

ఇప్పుడొక వింత చెబుతాను. పాలపిట్ట రెక్కలో అంత నీలం ఉన్నది గదా, ఆ ఈకను నూరితే నీలంపొడి వస్తుందా? రాదు. ఆ ఈకలో నీలంరంగు పదార్థమే లేదు!

మన సర్ సి. వి. రామన్‌గారికి ఈ సంగతిమీద ఆసక్తి కలిగింది. వెలుతురును గురించి చేసిన పరిశోధనకు 1930లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. 1934లో ఆయన బెంగుళూరులో ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించాడు. ఆ అకాడెమీ పత్రిక మొదటి సంపుటంలోనే పక్షి ఈకల రంగులను గురించి వ్యాసం రాశాడు. అందుకు ఆయన పరీక్షించిన పక్షి మరేదో కాదు, మన పాలపిట్టే! ఈకలోని అతి సూక్ష్మమైన అమరికమీద వెలుతురు పడి చెదరటంవల్ల ఆ నీలం పుడుతుంది. ఈక లోపల గాలితో నిండిన, స్పంజిలాంటి సన్నని నిర్మాణం ఉన్నదని తరువాతి పరిశోధనలు చూపాయి. ఆ నిర్మాణం తెల్లని వెలుతురులోని నీలాన్ని మనవైపు తిప్పికొడుతుంది. దాని వెనకనున్న నల్లని పదార్థం మిగిలిన రంగులను మింగేస్తుంది. అందుకే ఆ నీలానికి అంత నిగ్గు.

రాలిన నీలపు ఈక ఎక్కడైనా కనబడితే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. వెలుతురు మీ వెనకనుంచి ఈకమీద పడినప్పుడు అది నీలంగా ఉంటుంది. ఈకను కంటికీ ఆకాశానికీ మధ్య అడ్డంపెట్టి చూస్తే నీలం పోయి మట్టిరంగుగా కనబడుతుంది. చూశాక ఈకను అక్కడే వదిలి, చేతులు కడుక్కోండి.

దీనివల్ల మన బొమ్మకు ఒక పాఠం ఉన్నది. పక్షి నల్లని పునాదిమీద నీలాన్ని మెరిపిస్తున్నది. మనమూ అదే చేద్దాం. రెక్కలోని ముదురుపట్టీకి అడుగున ఊదాను, ముదురు గోధుమను పలుచగా పరిచి, దానిమీద నీలం, ఆపైన ఒకటి రెండుచోట్ల మాత్రమే లేత ఆకాశనీలం వేయండి. తెల్లకాగితం మీద నేరుగా నీలం రుద్దితే ఈ నిగ్గు రానేరాదు.

పంజరంలోని పిట్టకు రంగేదీ?

తల్లీ, ఇక నీ బొమ్మలోని రెండో లోపం చెబుతాను. ఇది నీ చేతిది కాదు. నువ్వు చూసినది పంజరంలోని పిట్టను.

పాలపిట్ట కూచున్నప్పుడు ఏమంత అందగత్తె కాదు. కాస్త ముడుచుకున్న గోధుమరంగు పిట్ట, అంతే. దాని వైభవమంతా రెక్కలో ఉన్నది. తీగమీదనుంచి ఒక్కసారి దూకి రెక్కలు విప్పితే ముదురునీలం, లేతనీలం పట్టీలు పట్టీలుగా తళుక్కుమంటాయి. వెలుతురు రెక్కమీద పడాలి, రెక్క విచ్చుకోవాలి, అప్పుడే ఆ రంగు. రెక్క విప్పటానికి చోటులేని పంజరంలో దాని రంగు నీకెలా కనబడుతుంది? నువ్వు చూడనిదాన్ని నీ పెన్సిలు ఎలా వేస్తుంది?

తెలంగాణలో విజయదశమినాడు పాలపిట్టను చూడటం శుభమంటారు. పాండవులు జమ్మిచెట్టుమీద దాచిన ఆయుధాలను తీసుకుని వస్తూ పాలపిట్టను చూశారనీ, ఆపైన వారికి జయం కలిగిందనీ పెద్దలు చెబుతారు. అందుకే పండుగ సాయంత్రం ఊరి పొలిమేర దాటి, చేలగట్లమీద నడిచి, పాలపిట్టను వెతికేవాళ్లు. ఎంత చక్కని ఆచారం! పాలపిట్టను చూడమన్నది ఆచారం, పట్టమనలేదు. ఈ రోజుల్లో పొలాలు దూరమయ్యాయని, కొందరు పండుగకు ముందే ఈ పిట్టలను వలపన్ని పట్టి, కాళ్లకు దారాలు కట్టి, పంజరాలలో వీధి వీధీ తిప్పి డబ్బు చేసుకుంటున్నారు. తిండిలేక, భయంతో, రెక్కలు విరిగి ఎన్నో పిట్టలు చచ్చిపోతాయి. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాలపిట్టను పట్టటం, బంధించటం నేరం. పైగా అది తెలంగాణ రాష్ట్రపక్షి. మిడతలనూ పురుగులనూ తిని పంటకు మేలుచేసే రైతుబంధువు.

డబ్బులిచ్చి చూసేవాళ్లు లేకపోతే పట్టి తెచ్చేవాళ్లు ఉండరు. ఈ మాట మీ ఇంట్లో పెద్దలకు మీరు చెప్పవచ్చు. అలాంటి పంజరం కనబడితే అటవీశాఖ వారికి తెలియజేయమని అడగవచ్చు. పిల్లలు మర్యాదగా చెప్పిన మంచిమాటను ఏ ఇంట్లోనూ కాదనరు.

మరి పాలపిట్ట ఎక్కడ దొరుకుతుంది? దొరకనక్కరలేదు, కనబడితే చాలు. వరంగల్లు దాటి నర్సంపేట దారినో, మరో దారినో పొలాలవైపు వెళ్లేటప్పుడు కరెంటు తీగలమీద చూస్తూ పోండి. ఒంటరిగా, పెద్దతలతో, కదలకుండా కూచున్న పిట్ట కనబడితే దూరంగానే ఆగండి. పది నిమిషాలు ఓపికపడితే అది పురుగుకోసం దూకుతుంది. ఆ ఒక్క క్షణం కళ్లు ఆర్పకండి. తరువాత కళ్లు మూసుకుని, చూసినదాన్ని మనసులో ఒకసారి మళ్లీ చూసుకుని, చిన్నపుస్తకంలో నాలుగే గీతలు గీయండి. ఏ పట్టీ ముదురు, ఏ పట్టీ లేత అన్నది మాటల్లో రాసుకోండి. రంగులు ఇంటికొచ్చి వేసుకోవచ్చు.

ఈ నెల అభ్యాసం

ఒకటి: ఒకే పెన్సిలుతో అయిదు గళ్లు నింపండి. మొదటిది కాగితం తెలుపు, అయిదోది మీకు సాధ్యమైనంత ముదురు. నడుమ మూడూ మెట్లు మెట్లుగా రావాలి. ముదురు గడి కూడా ఒకే దెబ్బతో కాదు, పొరమీద పొరగా రావాలి.

రెండు: కిటికీ పక్క గుడ్డును ముదురు గోధుమరంగు ఒక్కదానితో వేయండి. అడుగున వెలుగుచార మరవకండి.

మూడు: మీ ఇంటి దగ్గర స్వేచ్ఛగా తిరిగే ఏదైనా ఒక పిట్ట తలను నాలుగే పెన్సిళ్లతో వేయండి. పావురం, గోరింక, కాకి, ఏదైనా సరే. కాకి నల్లనిదే గదా అని నల్లపెన్సిలు తీశారో, ఓడిపోయారన్నమాటే! కాకి మెడలో ఎన్ని రంగులున్నాయో ఎండలో లెక్కపెట్టి రాయండి.

పూర్తిచేసిన బొమ్మ చెరిగిపోకుండా పైన నున్నని పలుచని కాగితం కప్పి, రెండు అట్టల మధ్య పెట్టి పంపండి. రంగు నిలవటానికి పైన మందు చల్లేవాళ్లు కొంచెమే చల్లాలి. ఎక్కువైతే లేతరంగులు ముదురుతాయి, మీరు కష్టపడి పెట్టిన తెల్లచుక్క మాసిపోతుంది.

వచ్చే నెల చెరువుగట్టు కొంగను వేద్దాం. తెల్లకాగితం మీద తెల్లపిట్టను ఎలా వేస్తారో, అంతలో మీరే ఆలోచించి పెట్టండి.